అశ్వహృదయం – అక్షహృదయం

నలోపాఖ్యానంలో ఒక ఘట్టం ఉంది. ఋతుపర్ణ మహారాజు అయోధ్య నుంచి విదర్భకు ఒక్క పగటిలో చేరుకోవాలి. దమయంతికి మళ్ళీ స్వయంవరమని కబురు వచ్చింది. బాహుకుడన్న పేరుతో ఆయన కొలువులో ఉన్న నలుడు లాయంలోకి వెళ్ళి, చూడడానికి బక్కచిక్కినట్టున్న గుర్రాలను ఏరుకొని వచ్చాడు. రాజుకు నచ్చలేదు. ఇంత దూరానికి ఈ గుర్రాలా అని అడిగాడు. నలుడు చూసింది ఒడ్డూ పొడుగూ కాదు, వాటి ఒంటిమీది సుడులు. సరే, రథం కదిలింది. దారిలో రాజు తన విద్య కూడా చూపించాడు. ఒక తాండ్ర చెట్టును ఒక్క చూపు చూసి, ఆకులెన్నో కాయలెన్నో చెప్పేశాడు. నలుడు రథం ఆపి, చెట్టు పడగొట్టి లెక్కపెట్టి చూస్తే లెక్క సరిపోయింది. అక్కడ ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. రాజు తన అక్షహృదయం ఇవ్వాలి, నలుడు తన అశ్వహృదయం ఇవ్వాలి.

ఈ కథ చెప్పుకునేవాళ్ళు సాధారణంగా కలిపురుషుడు నలుణ్ణి వదిలి వెళ్ళడం దగ్గర ఆగుతారు. నా చూపు మాత్రం సంస్కృత మూలంలోని ఒక చిన్న మాట దగ్గర ఆగింది. రాజు తన విద్యను అక్కడికక్కడే ఇచ్చేశాడు. తనకు రావలసిన అశ్వహృదయాన్ని మాత్రం, ప్రస్తుతానికి నీ దగ్గరే నిక్షేపంగా ఉండనిమ్మన్నాడు. నిక్షేపమంటే డిపాజిట్టు. ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో లెక్కలు రాస్తున్నవాణ్ణి, ఆ మాటను దాటిపోలేకపోయాను. ఋతుపర్ణుడు తరువాత తన డిపాజిట్టు తీసుకున్నాడు. లెక్కల విద్యతో బతికే నాబోటివాళ్ళం మాత్రం ఇంకా తీసుకోలేదేమో అని నా అనుమానం.

ప్రశ్నను సూటిగా అడుగుతాను. నోరులేని ప్రాణి కష్టం మీద లాభం పొందేవాడికి, దాని నొప్పిని తెలుసుకోవలసిన బాధ్యత ఉందా? "నాకు తెలియదు" అన్నమాట వాణ్ణి నిర్దోషిని చేస్తుందా, లేక ఆ తెలియకపోవడమే దోషమా? నేను దీన్ని పెద్ద పెద్ద ఉదాహరణలతో కాక, గుర్రం ముందుకాలి మీద లేచే ఒక చిన్న వాపుతో చర్చించదలచుకున్నాను. దానికి కారణం తరువాత చెబుతాను. ముందు ఆ కాలు ఎలాంటిదో చూద్దాం.

మనం గుర్రం మోకాలు అనుకునేది నిజానికి మన మణికట్టుకు సమానం. దాని కింద నిలువుగా దిగేది మన అరచేతి ఎముక. గిట్ట మన నడిమి వేలి గోరు. అంటే గుర్రం ఒక్కొక్క కాలికి ఒక్కొక్క వేలిగోటి మీద నిలబడి పరుగెత్తే జంతువు. 5 కోట్ల ఏళ్ళకు పూర్వం దీని పూర్వీకులు నక్క పరిమాణంలో ఉండేవని, వాటి ముందుకాళ్ళకు నాలుగేసి వేళ్ళు, వెనకకాళ్ళకు మూడేసి వేళ్ళు ఉండేవని శిలాజాలు చెబుతున్నాయి. కాలక్రమాన నడిమి వేలు ఒక్కటే మిగిలింది. దాని పక్కనున్న రెండు వేళ్ళ ఎముకలు మాత్రం పూర్తిగా పోలేదు. పెద్ద ఎముకకు అటూ ఇటూ సన్నటి పుల్లల్లా అంటిపెట్టుకొని, కిందికి పోనుపోను సన్నబడి, చీలమండ పైన చిన్న గుండీలాంటి మొనతో ఆగిపోతాయి. వీటినే పశువైద్యులు స్ప్లింట్ ఎముకలంటారు.

లేత వయసులో ఈ పుల్లలను పెద్ద ఎముకకు పట్టి ఉంచేది ఒక గట్టి పీచు బంధం. వయసు ముదిరేకొద్దీ ఆ బంధం తనే నెమ్మదిగా ఎముకగా మారి మూడూ ఒకటవుతాయి. ఆ మారడానికి ఏళ్ళు పడుతుంది. ఈలోగా గట్టినేల మీద దౌడు తీయిస్తే, బరువు లాగిస్తే, లాడం సరిగా కొట్టకపోతే, ఒక కాలి గిట్ట రెండో కాలికి తగిలితే, ఆ పీచు చిట్లుతుంది. పైపొర రేగుతుంది. మోకాలికి కిందుగా, చాలా వరకు కాలి లోపలి పక్క, వేడిగా ఒక వాపు లేస్తుంది. లోపలి పక్కనే ఎందుకంటే, మోకాలి నుంచి దిగే బరువు లోపలి పుల్ల మీదనే ఎక్కువ పడుతుంది. గుర్రం ఒంటి బరువులో నూటికి 60 పాళ్ళు ముందుకాళ్ళదే. ఈ జబ్బును కూడా స్ప్లింట్ అనే పిలుస్తారు.

దీనికి మందు చాలా చవక. చన్నీళ్ళు, కట్టు, విశ్రాంతి. కొన్ని వారాలు కదలకుండా ఉంచితే వేడి తగ్గుతుంది, నొప్పి పోతుంది, ఆ చోట గట్టి ఎముక బుడిపె మిగులుతుంది. ఆ బుడిపెతో గుర్రం బతికినంత కాలం హాయిగా పని చేయగలదు. విశ్రాంతి ఇవ్వకపోతే మాత్రం చిట్లినది మానకముందే మళ్ళీ చిట్లుతుంది. బుడిపె పెరుగుతుంది. అది వెనక్కు పెరిగి, చీలమండను మోసే పెద్ద బంధాన్ని ఒరుసుకుంటే గుర్రం శాశ్వతంగా కుంటిదవుతుంది. మందు ఖరీదు రూపాయల్లో ఏమీ లేదు, రోజుల్లోనే ఉంది.

ఇంకొక వాపు కూడా ఉంది. గుర్రం మోకాలి కింద కండ లేదు. ఎముక, బంధాలు, చర్మం, అంతే. కిందికి దిగిన నీరు పైకెక్కాలంటే నడకే దిక్కు. రాత్రంతా ఇరుకు లాయంలో కట్టేసిన గుర్రానికి తెల్లారేసరికి కాళ్ళకు నీరు దిగి లావెక్కుతాయి. చెయ్యి పెడితే చల్లగా ఉంటాయి, నొప్పి ఉండదు. నాలుగడుగులు నడిపిస్తే తగ్గిపోతుంది. దూరం నుంచి చూసేవాడికి రెండూ వాపులే. ఒకదానికి మందు నడక, రెండోదానికి మందు నిలపడం. దానికి ఇది చేసినా, దీనికి అది చేసినా హాని. ఏది ఏదో తెలియాలంటే దగ్గరికి పోయి, వంగి, కాలి మీద చెయ్యి పెట్టాలి. ఇంకో దారి లేదు.

నా కారణం ఇప్పుడు చెబుతాను. 1997లో నేను బళ్ళారి జిల్లాలో ఒక తాలూకా ఊళ్ళో చిన్న ఆఫీసరుగా ఉన్నాను. అప్పులివ్వడం, వసూలు చేయడం నా పని. ఆ రోజుల్లో రైల్వేస్టేషను ముందు ఆటోలతో పాటు జట్కాలు కూడా ఇంకా నిలబడేవి. సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం కింద ఒక సాయిబుకు గుర్రానికీ బండికీ కలిపి 12,000 అప్పు ఇచ్చాం. నెలకు 350 కంతు. గుర్రం కొన్ననాడు మేమంతా వెళ్ళాం. పళ్ళు చూసి వయసు కట్టారు. మూడో ఏడు నడుస్తోందన్నారు. చెవికి బీమా బిళ్ళ వేశారు. ఫోటో తీశారు. కాగితాల మీద నేను సంతకాలు పెట్టాను. దాని కాళ్ళు ఎవరూ తడిమి చూడలేదు. ఆ ఫారంలో కాళ్ళకు గడి లేదు.

ఏడెనిమిది నెలలు కంతులు సక్రమంగా వచ్చాయి. ఒక నెలాఖరు రోజు మధ్యాహ్నం సాయిబు వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"సార్, గుర్రానికి ముందరికాలు వాచిండాది. పశువుల డాక్టరు ఆరువారాలు బండి కట్టొద్దన్నాడు. రెండు కంతులు ఓర్చుకోండి సార్, మూడో నెల నుంచి కట్టేస్తా."

నాకు అప్పటికే జట్కావాళ్ళ మాటలు కొన్ని తెలుసు. గుర్రానికి కాళ్ళు వాయడం మామూలేనని, నాలుగడుగులు వేస్తే తగ్గుతుందని ఎవరో చెప్పగా విన్నాను. ఆ అరకొర తెలివితోనే జవాబిచ్చాను.

"కట్టేసుంచితే వాపు ఇంకా ఎక్కువవుతుందంట కదా సాయిబూ. కొంచెం కొంచెం నడిపించు. కంతు ఆపితే నన్ను పైవాళ్ళు అడుగుతారు."

"అది వేరే వాపు సార్. ఇది కాలుతుండాది. బయట వేపచెట్టు కింద కట్టేసిండా. ఒకసారి వచ్చి చెయ్యి పెట్టి చూడండి సార్."

నేను వెళ్ళలేదు. నెలాఖరు. బల్ల నిండా కాగితాలు, వెనక వరస. చెట్టు నా కుర్చీ నుంచి ఇరవై అడుగులుంటుందేమో.

వాయిదా మార్చే దారి నియమాల్లో లేకపోలేదు. అతని చేత ఒక అర్జీ, డాక్టరు చీటీ, నా సిఫారసు రెండు వాక్యాలు, మేనేజరు సంతకం కావాలి. ఆ రెండు వాక్యాలు నేను రాయలేదు. నిర్దయతో కాదు. రాస్తే ఆ ఖాతా నా నెలవారీ జాబితాలో ఒక బాకీ ఖాతాగా కనపడుతుందని. అతను ఆ నెలా కంతు కట్టాడు, పై నెలా కట్టాడు. ఎట్లా కట్టాడో నాకు తెలుసు. స్టేషను దారిలో ఆ బండి నాకు కనపడుతూనే ఉండేది. నొప్పికాలు నేలకు తాకినప్పుడల్లా గుర్రం తల పైకెత్తేది, మంచికాలు ఆనగానే దించేది. ముందుకాలు కుంటే గుర్రానికి అదే గుర్తని తరువాతెప్పుడో పుస్తకంలో చదివాను. అప్పట్లో నాకు అది తల ఊపుకుంటూ హుషారుగా పోతున్నట్టు కనిపించింది.

మరుసటి ఏడు గుర్రం పూర్తిగా కుంటిదయింది. సాయిబు దాన్నీ బండినీ వచ్చిన ధరకు అమ్మి, మా అప్పు చివరి రూపాయి దాకా చెల్లించి, మార్కెట్టులో మూటలు మోయడానికి పోయాడు. మా పుస్తకాల్లో అది మంచి ఖాతా. గడువులోపల పూర్తిగా వసూలైన ఖాతా.

ఇప్పుడు దోషం ఎవరిది అని ఆలోచిస్తే, మొదట కనపడేవాడు సాయిబే. కొరడా అతని చేతిలో ఉంది కనుక. చట్టం కూడా అతన్నే చూస్తుంది. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో ఉండి ఎంతో పట్టుదలగా పాటుపడిన ఫలితంగా వచ్చిన 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం ప్రకారం, జబ్బుతోనో గాయంతోనో పనికి తగని స్థితిలో ఉన్న పశువు చేత పని చేయించడం నేరం. మొదటిసారి నేరానికి జరిమానా 10 రూపాయలకు తగ్గకుండా, 50 రూపాయలకు మించకుండా. ఆనాటి అంకె ఈనాటికీ అదే. ఆ నెల నా కంతు 350. నొప్పికాలితో బండి కట్టినందుకు 50 అడిగే చట్టానికీ, కట్టకపోతే 350 అడిగే ఆఫీసరుకూ మధ్య ఆ మనిషి నిలబడి ఉన్నాడు. అతను ఎటు మొగ్గుతాడో చెప్పడానికి అక్షహృదయం అక్కర్లేదు. చట్టం యజమానిని పేర్కొంది, పని చేయించేవాణ్ణి పేర్కొంది. వాయిదా తేదీ నిర్ణయించినవాణ్ణి పేర్కొనలేదు.

బీమా సంగతి కూడా చెప్పాలి. మా పథకంలో గుర్రం చస్తే డబ్బు వచ్చేది. చెవి బిళ్ళ చూపించాలి. ఆరువారాలు నిలబడి కోలుకుంటే ఏమీ వచ్చేది కాదు. అంటే మా లెక్కలో చచ్చిన గుర్రానికి విలువ ఉంది, విశ్రాంతి తీసుకుంటున్న గుర్రానికి లేదు. ఇది కొత్త సంగతి కూడా కాదు. మా ఊరికి దగ్గరలోని హంపీని విజయనగరమన్న రోజుల్లో అక్కడ నివసించిన పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ ఒక విషయం రాసిపెట్టాడు. సాళువ నరసింహరాయలు గుర్రాల కోసం ఎంత ఆరాటపడేవాడంటే, ఓడలో వస్తూ దారిలో చచ్చిన గుర్రానికి కూడా, తోక తెచ్చి చూపిస్తే, బతికున్న గుర్రం ధరే ఇచ్చేవాడట. వ్యాపారులు రావాలంటే వాళ్ళ నష్టం రాజు భరించాలి. రాజుకు ఆ లెక్క బాగా తెలుసు. ఇలాంటి లెక్కలో గుర్రాన్ని బతికించి తేవడానికి ప్రత్యేకంగా శ్రద్ధ పడవలసిన అవసరం వ్యాపారికి ఉండదు. నాడు తోక, మా కాలంలో చెవి. మధ్యలో ఉన్న కాళ్ళకు ఎప్పుడూ పద్దు లేదు.

పేదరికం వల్లనే ఇలా జరుగుతుందని అనుకుంటే కొంత ఊరట కలుగుతుంది. కాని అది నిజం కాదు. 1968లో అమెరికాలో కెంటకీ డెర్బీ పందెంలో డాన్సర్స్ ఇమేజ్ అనే గుర్రం మొదట వచ్చింది. దాని చీలమండలు ముందునుంచీ నొప్పితో ఉన్నాయి. పందెం తరువాత పరీక్షలో ఫినైల్‌బ్యుటజోన్ అనే నొప్పి మందు ఆనవాళ్ళు బయటపడ్డాయి. గెలుపును రద్దు చేసి రెండో గుర్రానికి ఇచ్చారు. ఆ మందు ఎవరు, ఎప్పుడు ఇచ్చారన్న వివాదం కోర్టుల్లో ఏళ్ళ తరబడి నడిచింది. అక్కడ ఉన్నది మార్కెట్టులో మూటలు మోసే సాయిబు కాదు, లక్షాధికారులు. మరి రెండు చోట్లా సమానమైనది ఏమిటి? తేదీ. ఆ పందెం మూడేళ్ళ గుర్రాలకు మాత్రమే. ఏ గుర్రానికైనా జన్మలో ఒక్కసారే ఆ అవకాశం. పైగా భూగోళానికి ఉత్తరాన ఉన్న దేశాల్లో మేలుజాతి పందెపు గుర్రాలన్నింటికీ, ఏ నెలలో పుట్టినా, జనవరి 1నే ఒక ఏడు పెరిగినట్టు లెక్క. పుస్తకంలో మూడేళ్ళు నిండుతాయి. ఎముకల మధ్య పీచు మాత్రం ఆ పుస్తకం చదవలేదు.

నొప్పి మందు గురించి ఒక్క మాట. నొప్పి తగ్గించడం దయే, అనుమానం లేదు. కాని నొప్పి అనేది గాయపడిన కాలికి ప్రకృతి వేసిన పగ్గం కూడా. విశ్రాంతి ఇస్తూ నొప్పి తగ్గిస్తే అది వైద్యం. పరుగెత్తించడానికి నొప్పి తగ్గిస్తే అది పగ్గం కోయడం. మందు అదే, మోతాదూ అదే కావచ్చు. మంచిచెడ్డలు సీసాలో లేవు, ఆ తరువాత మనం ఏం చేయబోతున్నామన్న దానిలో ఉన్నాయి. పూర్వం దీనికి తిరకాసు వైద్యం కూడా చేసేవారు. వాచిన కాలికి ఎర్రగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టడం. మన ఊళ్ళలో ఎడ్లకు పెట్టినట్టే దేశదేశాల్లో గుర్రాలకూ పెట్టారు. తరువాత పరిశీలిస్తే వాతల వల్ల మేలేమీ లేదని తేలింది. వాత మానేదాకా గుర్రాన్ని పనికి కట్టరు గదా, ఆ విశ్రాంతే పని చేసింది. గుర్రానికి ఊరికే సెలవివ్వడం మనిషికి చేతకాక, కాల్చి సెలవిచ్చాడు.

డబ్బూ ప్రేమా రెండూ ఉన్నా, ఒకసారి చేయి దాటిన తరువాత ఫలితం మన వశంలో ఉండదు. 2006లో బార్బారో అనే గుర్రానికి పందెం మధ్యలో వెనక కుడికాలు ముక్కలైంది. సాధారణంగా అలాంటి గుర్రాన్ని అక్కడే కాటికి పంపుతారు. దాని యజమానులు అలా చేయలేదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు పశువుల ఆసుపత్రిలో నెలల తరబడి వైద్యం చేయించారు. విరిగిన కాలు కొంత కుదుటపడింది. కాని దాని భారం కూడా మోసిన ఎడమకాలి గిట్ట లోపల చెడిపోయింది. తరువాత ముందుకాళ్ళకూ పాకింది. 2007 జనవరి 29న దానికి చావు ప్రసాదించక తప్పలేదు. నొప్పికాలి బరువు మాయమైపోదు, మంచికాలి మీదికి మారుతుంది. ఈ వాక్యం నాకు పశువైద్యంలో కన్నా బ్యాంకులో ఎక్కువ అనుభవం. నా మీది ఒత్తిడి నేను సాయిబు మీదికి మార్చాను, అతను గుర్రం మీదికి మార్చాడు. గుర్రం తన మంచికాలి మీదికి మార్చుకుంది. దానికి ఆ పైన మార్చడానికి ఎవరూ లేరు.

తత్త్వవేత్తలు ఈ విషయంలో రెండు దారులు చూపారు. కాంట్ దృష్టిలో జంతువుల పట్ల మనకు నేరుగా విధి లేదు. జంతువుతో క్రూరంగా ఉండేవాడు క్రమంగా మనిషితోనూ అలాగే ఉంటాడు కనుక, మన మనిషితనం కోసమే జంతువును దయగా చూడాలి. బెంథామ్ 1789లో వచ్చిన గ్రంథంలో, ఒక అడుగు గమనికలో, అడగవలసింది వాటికి బుద్ధి ఉందా, మాట ఉందా అని కాదని, బాధ ఉందా అని మాత్రమేనని తేల్చాడు. నా మొగ్గు బెంథామ్ వైపే. అయినా నా అనుభవానికి ఇద్దరిలో ఎవరూ పూర్తిగా సరిపోలేదు. నేను క్రూరుణ్ణి కాను. గుర్రానికి బాధ ఉండదని కూడా నేను ఎన్నడూ అనుకోలేదు. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. నేను పొడిచే కాకిని కూడా కాను, పుండు కనపడనంత దూరంలో కుర్చీ వేసుకున్నవాణ్ణి. బాధ ఉందని సూత్రంగా ఒప్పుకొని, ఈ గుర్రానికి, ఈ కాలికి, ఇవాళ ఉందా అని చూడడానికి లేవనివాణ్ణి. ఆధునిక కాలంలో ఎక్కువ హింస ఇలాంటి మర్యాదస్తుల వల్లనే జరుగుతోందని నా అభిప్రాయం.

దీనికొక గట్టి ఎదురువాదం ఉంది. అప్పిచ్చినవాడల్లా గుర్రాల కాళ్ళు, ఎనుముల పొదుగులు, మగ్గాల పురులు తడిమి చూస్తూ కూర్చుంటే బ్యాంకు నడుస్తుందా? ఒకడికి వాయిదా మారిస్తే ఊరంతా గుర్రాలకు కాళ్ళు వాయవా? నియమం అందరికీ ఒకటిగా ఉండడమే న్యాయం కదా? ఈ వాదాన్ని నేను తేలిగ్గా తీసుకోను. బ్యాంకు సొమ్ము ఎవరో పేదవాళ్ళు దాచుకున్న సొమ్ము. అబద్ధపు వాపులు కూడా నేను చాలానే చూశాను. కాని వాపుల సంగతి ఇందాక చెప్పుకున్నాం. చల్లటి వాపుకు నడక, వేడి వాపుకు విశ్రాంతి. రెండింటికీ ఒకే మందు వేయడం సమానత్వం కాదు, చెయ్యిపెట్టి చూడడానికి బద్ధకం. అబద్ధపు వాపును పట్టుకోవడానికి కూడా చెయ్యే పెట్టాలి కదా. లేచి వెళ్ళి ఉంటే, సాయిబు చెప్పింది అబద్ధమైతే అది కూడా నాకు ఆ చెట్టు కిందే తెలిసేది.

మరొకటి. గుర్రమా, సాయిబు పిల్లల అన్నమా అని ప్రశ్న వేసి, అన్నమే ముఖ్యమని జవాబు చెప్పి ఊరుకోవడం సులువు. ఆ రెండు నెలలు గుర్రాన్ని నిలపమంటే ఆ ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుంది? నిజమే. కాని చివరికి ఏమయింది? ఆ ఇంటి అన్నం ఆ గుర్రం కాళ్ళ మీదే నిలబడి ఉంది. కాళ్ళు పోయాక అన్నమూ పోయింది. రెండూ వేరు వేరు పద్దులని రాసుకున్నది నేనే. 700 రూపాయలు రెండు నెలలు ఆగి ఉంటే ఆ ఖాతా ఇంకా బాగా నడిచేదని ఇప్పుడు లెక్కకట్టి చూపగలను. అయితే నా వాదన లాభం మీద ఆధారపడకూడదు. ఆ గుర్రం కోలుకున్నా ఎవరికీ లాభం లేని పరిస్థితిలో కూడా దానికి ఆ ఆరువారాలు బాకీ ఉన్నాం. ఎందుకంటే మన ఒప్పందంలో అది సంతకం పెట్టలేదు. సంతకం పెట్టినవాళ్ళ నష్టాన్ని సంతకం పెట్టనివాడి ఎముకల్లోంచి వసూలు చేయడం ఏ వాణిజ్య న్యాయం ప్రకారమూ చెల్లదు. బీకాంలో మాకు మొదట నేర్పిన పాఠమే అది.

కనుక నాకు తోచిన విధి ఇంతే. తేదీ నిర్ణయించే అధికారం ఎవరికి ఉందో, ఆ తేదీ బరువు చివరికి ఏ కాలి మీద పడుతోందో వెళ్ళి చూసే బాధ్యత కూడా వారిదే. తెలియకపోవడం నేరం కాదు. తెలుసుకోవడానికి ఇరవై అడుగులే దూరమున్నప్పుడు తెలియకుండా ఉండిపోవడం నేరం. అధికారం పెరిగేకొద్దీ ఆ అడుగుల దూరమూ పెరుగుతుంది నిజమే. అందుకే పైనున్నవారు కింద చూసి వచ్చినవాడి రెండు వాక్యాలను నమ్మాలి, కిందివాడు ఆ రెండు వాక్యాలు రాయడానికి భయపడని వాతావరణం ఉంచాలి.

2014లో ఐరోపా శాస్త్రజ్ఞులు గుర్రం ముఖం చూసి నొప్పి కొలిచే పద్ధతి ఒకటి ప్రచురించారు. గుర్రం వేటకు గురయ్యే జాతి. నొప్పిని దాచుకోవడం దానికి పుట్టుకతో వచ్చిన జాగ్రత్త. అయినా ముఖం పూర్తిగా దాచలేదు. చెవులు వెనక్కు బిగుసుకుంటాయి, కనురెప్పలు కుంచించుకుంటాయి, కంటి పైభాగం బిగుస్తుంది, దవడ కండరం తేలుతుంది, మూతి గట్టిపడి గడ్డం పొడుచుకువస్తుంది, ముక్కుపుటాలు బిగుసుకుంటాయి. ఈ ఆరింటికీ ఒక్కొక్కదానికి 0, 1, 2 అని మార్కులు. మొత్తం 12. చదివినప్పుడు నాకు తాండ్ర చెట్టు గుర్తొచ్చింది. లెక్క తెలిసిన రాజూ గుర్రం తెలిసిన నలుడూ తమ విద్యలు మార్చుకుంటే ఇలాగే ఉంటుంది. లెక్కల మీద నాకున్న గౌరవం కూడా కొంత నిలబడింది. అంకె దోషం చేయలేదు. నొప్పికి గడి లేని ఫారం నింపినవాడు దోషం చేశాడు. అయితే ఈ మార్కులు వేయడానికి కూడా మనిషి గుర్రం ముఖం ఎదుట నిలబడాలి. కుర్చీలోంచి వేయడం కుదరదు.

పదేళ్ళు ఎవరూ వచ్చి అడగని డిపాజిట్లను మా బ్యాంకులు ఇప్పుడు రిజర్వు బ్యాంకు వద్దనున్న నిధికి జమ చేస్తాయి. అలా జమ చేసినా అది హక్కుదారుది కాకుండా పోదు. ఎప్పుడు వచ్చి అడిగినా వడ్డీతో సహా లెక్క చూసి ఇవ్వవలసిందే. ఋతుపర్ణుడు నలుడి దగ్గర ఉంచిన నిక్షేపం కూడా అలాంటిదే అనుకుంటాను. నాకు ఇంకా కొన్నేళ్ళ సర్వీసు ఉంది. ఇప్పుడు నా దగ్గరికి గుర్రాల అప్పులు రావు. వచ్చేవి ఆటోలవి, పాడిపశువులవి, చిన్న దుకాణాలవి. ఎవరైనా బల్ల ముందు నిలబడి, ఒకసారి వచ్చి చూడండి సార్ అంటే, కాగితాల మీద బరువు పెట్టి లేస్తున్నాను. వెళ్ళిన ప్రతిసారీ వాయిదా మార్చడం లేదు. చూడకుండా మాత్రం కాదనడం లేదు.

ఆ బ్యాంకు ముందు వేపచెట్టు ఇంకా ఉందని ఈమధ్య ఆ ఊరివాళ్ళు చెప్పారు.